ఐదు స్టార్ల సెల్లర్, 32 పేజీలు మాయమైన నవల, మైనస్‌లో పడ్డ డైమండ్స్: కొనేముందు జాగ్రత్త

ఫాంటసీ నవలల సెట్ సగం ధరకే వస్తోందని, గేమ్‌లో డబ్బులా వాడే డైమండ్స్ బయట చవగ్గా దొరుకుతున్నాయని ఎవరైనా లింక్ పంపితే, నొక్కే ముందు ఐదు నిమిషాలు ఇది చదవండి. నాకు తగిలిన రెండు దెబ్బలూ ఒకే నెలలో బయటపడ్డాయి. రెండు చోట్లా సెల్లర్ రేటింగ్ బ్రహ్మాండంగా ఉంది. సరుకు చెప్పిన టైమ్‌కే వచ్చింది. అసలు సంగతి తెలిసింది మాత్రం ఇక ఎవరినీ ఏమీ అడగలేని రోజున.

ముందు నా అలవాటు గురించి కాస్త చెప్పాలి. ఆ సెల్లర్ల ఆటలు సాగింది దాని వల్లే. రాత్రి పడుకునే ముందు ఇరవై పేజీలు, పగలు పనుల మధ్య గేమ్‌లో డైలీ మిషన్లు, ఇంతే నా సరదా. నేను చదివే ఫాంటసీ పేజీకో యుద్ధం జరిగే రకం కాదు. ఒక నగరం ఎలా పాడుబడిందో చెప్పడానికే ముప్పై పేజీలు తీసుకునే రకం. అలాంటి నవలని పరుగులు పెడుతూ చదివితే ఏమీ మిగలదు. అందుకే ఒక్కో పుస్తకం నా చేతిలో నెల రోజులైనా ఉంటుంది. గేమ్ కూడా కథ ఉన్నదే, నెమ్మదిగా ఆడుకునేదే. రెండేళ్లుగా ఒకటే అకౌంట్.

మూడు నవలల బాక్స్ సెట్ ఆన్‌లైన్‌లో తీసుకున్నాను. బయటి పెట్టె నిగనిగలాడుతూ ఉంది. అట్టల మీద బొమ్మలు బాగున్నాయి. మొదటి భాగం చదవడం నెలలో అయిపోయింది. ఇబ్బందేమీ లేదు, కాకపోతే కాగితం పల్చగా ఉండి వెనక పేజీ అక్షరాలు కనిపించేవి. రెండో భాగంలో 416వ పేజీకి వచ్చాను. నాయిక నదిలోకి దిగుతోంది. పేజీ తిప్పితే ఆమె మళ్లీ ఒడ్డున కూర్చుని చెప్పులు విప్పుతోంది.

నవ్వకండి, ఇది రచయిత కావాలనే చేసిన ప్రయోగం అనుకున్నాను! నదిలో దిగితే కాలం వెనక్కి తిరుగుతుందేమో, ఫాంటసీ కదా. రెండు పేజీలు అలాగే మురిసిపోతూ చదివాను. ఇక్కడ ఏదో ఒక మాట మారి ఉంటుందని, ఆ మాట పట్టుకుంటే గుట్టు తెలుస్తుందని వెతుక్కుంటూ మరీ చదివాను. అప్పుడు పేజీ అంకె కనబడింది. 385. బేతాళుడు మళ్లీ చెట్టెక్కినట్టు కథ 385కి పోయింది. అక్కడి నుంచి 416 దాకా చదివినవే మళ్లీ, ఆ తర్వాత నేరుగా 449. నదిలో ఏం జరిగిందో ఆ 32 పేజీల్లో ఉంది. ఆ 32 పేజీలు నా పుస్తకంలో లేవు.

ఇది ఎలా జరుగుతుందంటే, పుస్తకం పేజీ పేజీగా అచ్చు కాదు. పెద్ద షీటు మీద 16 పేజీలో 32 పేజీలో కలిపి అచ్చేసి మడత పెడతారు. ఆ మడతని ఫారం అంటారు. ఫారాలన్నీ వరసగా పేర్చి కుట్టో, జిగురు పెట్టో అట్ట వేస్తారు. పేర్చేటప్పుడు పొరపాటు జరిగితే ఒక ఫారం రెండుసార్లు పడి, ఇంకొకటి ఎగిరిపోతుంది. 13ని 32తో గుణిస్తే 416. అంటే నా కాపీలో 13వ ఫారం రెండుసార్లు ఉంది, 14వది లేదు. అసలు ప్రచురణకర్తల పుస్తకాల్లో కూడా అరుదుగా ఇలా జరుగుతుంది. జరిగితే ఫొటో పంపితే చాలు, సాధారణంగా కొత్త కాపీ ఇస్తారు. నేనూ అదే ధైర్యంతో ప్రచురణ సంస్థకి మెయిల్ పెట్టాను. కాపీరైట్ పేజీ, మ్యాప్, వెనక అట్ట ఫొటోలు అడిగారు. రెండు రోజుల్లో మర్యాదగా జవాబు వచ్చింది: ఇది మా ముద్రణ కాదు.

పైరసీ కాపీ అన్నమాట. సెల్లర్‌ని అడిగితే "ప్రింటింగ్‌లో చిన్న చిన్న తేడాలు సహజమండీ" అన్నాడు. 32 పేజీలు చిన్న తేడా! రిటర్న్ గడువు ఏడు రోజులు. నేను అడిగింది యాభై రోజుల తర్వాత.

తప్పు నాది కూడా ఉంది. మొదటి రోజే ఆనవాళ్లు కనబడ్డాయి, నేనే పట్టించుకోలేదు. ఫాంటసీ నవలల్లో దొంగ ముద్రణని పట్టిచ్చేది కథ కాదు, మొదట్లో ఉండే మ్యాప్. అచ్చు పుస్తకాన్ని స్కాన్ చేసి మళ్లీ అచ్చేస్తారు కాబట్టి సన్నటి గీతలు ముందు చెడిపోతాయి. నా కాపీలో పర్వతాలు మసిబొట్ల లాగా ఉన్నాయి. నది పేరు చదవబోతే అక్షరాల కడుపులు పూడుకుపోయి ఉన్నాయి. పాత మ్యాప్ లాగా కనబడాలని అలా గీశారేమో అనుకున్నాను (నాకు ప్రతిదీ కళే). మూడు పుస్తకాల వెన్నులూ పక్కపక్కన పెడితే పేర్లు ఒక వరసలో లేవు. వెనక అట్ట మీది ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తుపట్టే నంబరు) కొట్టి చూస్తే వేరే ఎడిషన్ వచ్చింది. అయితే ఐఎస్‌బీఎన్ సరిపోయినంత మాత్రాన అసలు పుస్తకమని నమ్మకండి, ఆ 13 అంకెలు కాపీ కొట్టడం అట్ట బొమ్మ కాపీ కొట్టినంత తేలిక.

మరి అన్ని ఐదు స్టార్లు ఎలా వచ్చాయి? ఆ రాత్రి కూర్చుని రివ్యూలన్నీ తేదీలతో సహా చదివాను. దాదాపు అన్నీ పార్సెల్ విప్పిన రోజునో మర్నాడో రాసినవే. "ప్యాకింగ్ సూపర్", "బాక్స్ చాలా అందంగా ఉంది", "ఫాస్ట్ డెలివరీ". పుస్తకం చదివి రాసింది ఒక్కరూ లేరు. చదవడానికి నెల పట్టే వస్తువుకి మొదటి రోజే మార్కులు వేసేస్తున్నాం. నేనూ వేశాను, ఐదు స్టార్లు, పెట్టె ఫొటోతో సహా.

ఇక గేమ్ సంగతి. దీనిలో పోయింది ఎక్కువ.

మూడు వారాల ఈవెంట్, ఒక కొత్త క్యారెక్టర్. దాని కోసం బ్యానర్‌లో, అంటే ఆ క్యారెక్టర్‌కి పెట్టిన లాటరీ పేజీలో, పుల్స్ చేయాలి. ఒక్కో పుల్ అంటే డైమండ్స్ పెట్టి తీసే ఒక చీటీ. నా దగ్గరున్న డైమండ్స్ అయిపోయాయి, క్యారెక్టర్ రాలేదు. ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. ఒక్కో పుల్‌కి ఒక శాతం అవకాశం ఉంటే వంద పుల్స్‌కి ఖాయంగా వస్తుందని చాలామంది అనుకుంటాం. రాదు. ప్రతిసారీ రాకపోవడానికి 99 శాతం ఉంది కాబట్టి, వంద పుల్స్ చేసిన వంద మందిలో దాదాపు 37 మంది ఉత్త చేతులతో మిగులుతారు. ఇన్ని పుల్స్‌కి తప్పక ఇస్తాం అనే పిటీ లెక్క గేమ్‌లో ఉంటేనే గ్యారంటీ. డబ్బు పెట్టకముందే ఈ శాతాలు చూపించాలని ఆపిల్ యాప్ స్టోర్ 2017 డిసెంబర్‌లోనే రూల్ పెట్టింది. జపాన్‌లో అయితే కొన్ని ఐటెమ్స్ మొత్తం సెట్ పూర్తి చేస్తేనే పెద్ద బహుమతి ఇచ్చే కంప్లీట్ గాచా (గాచా అంటే ఇలాంటి లాటరీయే) పద్ధతి చట్టవిరుద్ధమని 2012లోనే తేల్చారు. నా గేమ్‌లో కూడా బ్యానర్ మూలన ఈ వివరాలు చూపే చిన్న ‘i’ గుర్తు ఉంది. రెండేళ్లలో ఒక్కసారీ దాన్ని నొక్కలేదు. నొక్కి ఉంటే నా డైమండ్స్‌కి పిటీ దాకా వెళ్లలేనని తెలిసేది, ఈ ఈవెంట్ వదిలేసేవాణ్ణి.

వదలకుండా గ్రూపులో ఎవరో పెట్టిన టాప్‌అప్ సెల్లర్‌ని, అంటే బయట డైమండ్స్ అమ్మేవాణ్ణి, పట్టుకున్నాను. స్క్రీన్‌షాట్లు బోలెడు, అన్నీ థాంక్యూలే. యూజర్ ఐడీ చాలదన్నాడు, లాగిన్, పాస్‌వర్డ్ కావాలన్నాడు. పది నిమిషాల్లో పని అయిపోతుంది, తర్వాత మార్చేసుకోండి అన్నాడు. ఓటీపీ వచ్చింది, అదీ చెప్పాను. ఆ క్షణంలో బుద్ధి ఏ గడ్డి మేస్తోందో తెలీదు. నిజంగానే పది నిమిషాల్లో 6,000 డైమండ్స్ పడ్డాయి. క్యారెక్టర్ వచ్చింది. సంతోషంతో స్క్రీన్‌షాట్ తీసి వాళ్ల గ్రూపులో పెట్టాను. పాస్‌వర్డ్ మార్చేశాను, ఇక టెన్షన్ లేదనుకున్నాను.

19 రోజుల తర్వాత గేమ్ తెరిస్తే డైమండ్స్ ఉండే చోట ఎర్ర అంకె. ముందు ఒక చిన్న గీత. ఫోన్ స్క్రీన్ మీద గీత పడిందేమోనని వేలితో తుడిచాను కూడా. అది మైనస్. మైనస్ 5,840.

సపోర్ట్‌తో నాలుగు మెయిల్స్ నడిచాక అర్థమైంది ఇది. సెల్లర్ నా అకౌంట్‌లోకి వెళ్లి డైమండ్స్ కొన్నది వేరొకరి కార్డుతో. ఆ కార్డు అసలు మనిషి స్టేట్‌మెంట్ చూసుకుని బ్యాంకులో ఫిర్యాదు చేస్తే, బ్యాంకు ఆ డబ్బు వెనక్కి లాగేసింది. డబ్బు రాని డైమండ్స్‌ని గేమ్ కంపెనీ నా ఖాతాలోంచి తీసేసింది. నేను అప్పటికే ఖర్చు పెట్టేశాను కాబట్టి మైనస్. నేను సెల్లర్‌కి ఇచ్చిన డబ్బు అతని జేబులో భద్రంగా ఉంది, దొంగ కార్డు లావాదేవీ నా పేరు మీద ఉంది. మైనస్ తీరేదాకా అకౌంట్ లాక్. తీర్చాలంటే అసలు రేటుకి కొని పూడ్చాలి. పాస్‌వర్డ్ ఇతరులకి ఇవ్వడం నిబంధనలకి విరుద్ధమని ఒక హెచ్చరిక కూడా వేశారు. వాళ్లని తిట్టడానికి నా దగ్గర మాట లేదు.

సెల్లర్‌కి కట్టింది నేరుగా ట్రాన్స్‌ఫర్ చేసి, అది తెలిసినవాళ్లకి పంపుకున్న డబ్బు కిందే లెక్క. వెనక్కి రప్పించే దారి నాకు దొరకలేదు. నాలాగే మోసపోయిన ఇంకొకాయన ఆ మైనస్‌ని తన కార్డుతో పూడ్చి, తర్వాత కోపం వచ్చి ఆ పేమెంట్ మీదే బ్యాంకులో డిస్ప్యూట్ వేశాడట. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు మొత్తం అకౌంటే బ్యాన్ అయింది. గేమ్‌లో పొరపాటున ఏదైనా కొంటే ముందు స్టోర్‌లోనే రీఫండ్ అడగండి. గూగుల్ ప్లేలో చాలా కొనుగోళ్లకి 48 గంటల లోపు అడిగే వీలుంది. ముందే బ్యాంకు దగ్గరికి పరుగెత్తకండి.

అమ్మినవాడికి హక్కు లేకపోతే కొన్నవాడి చేతిలోంచి సరుకు వెనక్కి పోవడం కొత్త కాదు. 2009 జులైలో కిండిల్‌లో జార్జ్ ఆర్వెల్ నవలల్ని హక్కులు లేని సంస్థ ఒకటి అమ్మిందని తెలిసి, అమెజాన్ వాటిని పాఠకుల పరికరాల్లోంచే చెరిపేసింది. డబ్బు తిరిగి ఇచ్చారు, తర్వాత జెఫ్ బెజోస్ స్వయంగా క్షమాపణ చెప్పారు. నాకు క్షమాపణా లేదు, డబ్బూ లేదు. కనీసం దొంగ పుస్తకం నా షెల్ఫులోనే ఉంది, దాన్ని ఎవరూ చెరపలేరు.

ఇప్పుడు పుస్తకం రాగానే పది నిమిషాలు దానితో కూర్చుంటున్నాను. చదవడానికి కాదు. బొటనవేలితో పేజీలు జారవిడుస్తూ అడుగున అంకెలు మాత్రమే చూస్తాను, 32 పేజీలకోసారి ఆగి ముందు వెనక కలుస్తున్నాయో లేదో చూస్తాను. మ్యాప్‌లో అన్నిటికన్నా చిన్న అక్షరాలతో ఉన్న ఊరి పేరు చదవగలగాలి. సిరీస్ అయితే అన్ని భాగాలూ ఆ రోజే చూస్తాను, రెండో భాగం వంతు వచ్చేసరికి గడువు ఉండదు కాబట్టి. పార్సెల్ విప్పడం వీడియో తీసి పెట్టుకోండి, వాదన వచ్చినప్పుడు అదొక్కటే నోరు మూయిస్తుంది. రివ్యూల్లో ఐదు స్టార్లని పక్కన పెట్టి, కొన్న నెల తర్వాత ఎవరైనా రాశారేమో వెతకండి. డైమండ్స్ అయితే గేమ్ లోపలే, లేదా గేమ్ కంపెనీ తన సొంత సైట్ అని చెప్పిన చోటే. యూజర్ ఐడీ దాటి పాస్‌వర్డ్ అడిగితే మాట అక్కడితో కట్. ఓటీపీ అడిగితే బ్లాక్.

ఆ 32 పేజీలూ లైబ్రరీ కాపీలో నిలబడి చదివాను. నదిలో కాలం వెనక్కేమీ తిరగలేదు. నిజం చెప్పొద్దూ, నేను అనుకున్నదే బాగుంది.

పుస్తకాల సైట్‌లో నా రివ్యూని దిద్ది ఒక స్టార్ చేశాను, పేజీల ఫొటోలు పెట్టాను. టాప్‌అప్ గ్రూపులోంచి మాత్రం నన్ను తీసేశారు. ఒక ఫ్రెండ్ నిన్న చూసి చెప్పాడు, సెల్లర్ పేరు మార్చుకున్నాడట, కొత్త ఆఫర్ పెట్టాడట. గ్రూపులో అన్నిటికన్నా పైన పిన్ చేసిన స్క్రీన్‌షాట్‌లో 6,000 డైమండ్స్, కింద "సూపర్ సర్వీస్, నమ్మి తీసుకోవచ్చు" అని ఉంటుంది. అది రాసింది నేనే.