రెంబ్రాంట్ గలిలయ తుఫాను కాన్వాస్ ప్రింట్: ఎడమ పక్క సూపర్, కుడి పక్క మసి

నరసాపురంలో మా ఇంటి హాల్లోకని ఆన్‌లైన్‌లో తెప్పించిన ప్రింట్ ఇది. మార్కు సువార్త 4వ అధ్యాయంలో, పడవ మునిగిపోతోందని శిష్యులు యేసును నిద్రలేపే ఘట్టం, డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ 1633లో వేశాడు.

ఎడమ పక్క వంక పెట్టడానికి లేదు. మబ్బులు చీల్చుకుని పడే పసుపు వెలుగు, పడవ ముక్కు మీద విరిగిన అల, చిరిగి కొట్టుకుంటున్న తెరచాప, దాన్ని లాగి కట్టాలని అవస్థ పడుతున్నవాళ్లు, అంతా స్పష్టంగా ఉంది. అంతర్వేది వైపు వేటకెళ్లే మా బాబాయ్ చూసి "చాప ఇంతసేపు ఉంచుతారా ఎవరన్నా, ముందే దించెయ్యాలి గదరా" అని శిష్యుల మీద కేకలేశాడు. పడవలో మొత్తం 14 మంది. ఒక చేత్తో టోపీ, ఇంకో చేత్తో తాడు పట్టుకుని సూటిగా మన వైపే చూసేవాడు రెంబ్రాంటే అంటారు, అతని ముఖం కూడా బాగానే పడింది.

అసలు బాధ కుడి పక్క. యేసు కూర్చున్నది అక్కడే, నీడలో. ఆ నీడలో గోధుమ రంగులు పొరలు పొరలుగా ఉండాలి, ఇందులో మొత్తం నల్లటి ముద్ద. చుక్కాని పట్టినవాడూ, అంచు మీద వంగి కక్కుకుంటున్నవాడూ ట్యూబ్‌లైట్ వేస్తేగానీ కనపడరు. బొమ్మ కొనేదే యేసు కోసం కదండీ!

పైగా పేజీలో "ఒరిజినల్ నుంచి ఈమధ్యే తీసిన స్కాన్" అని రాశారు. అసలు బొమ్మని 1990 మార్చి 18న బోస్టన్‌లోని గార్డ్‌నర్ మ్యూజియంలో పోలీసు వేషంలో వచ్చినవాళ్లు ఫ్రేములోంచి కోసుకుని పట్టుకుపోయారు, ఇప్పటికీ దొరకలేదు, అక్కడ ఖాళీ ఫ్రేమే వేలాడుతోంది. కాబట్టి ఎవరు అమ్మినా పాత ఫొటోల నుంచి తీసిందే, ఈ కబుర్లకి ఎక్కువ డబ్బులు పెట్టకండి.

సైజు విషయం జాగ్రత్త. అసలుది 160 సెంటీమీటర్ల ఎత్తు, 128 వెడల్పు, అంటే 16×20 అంగుళాలు సరిగ్గా సరిపోతుంది. నేను అదే తీసుకున్నా. సోఫా మీదకని అడ్డంగా ఉండే సైజులు కూడా పెట్టారు గానీ, వాటి ప్రివ్యూలో తెరచాప కొసా, కింద నీళ్లూ ఎగిరిపోయాయి.

ప్యాకింగ్ గట్టిగానే ఉంది. ఫ్రేమ్ మాత్రం వాళ్ల దగ్గర తీసుకోకండి, పొట్టు చెక్క, మన ఉప్పుగాలికి ఉబ్బుతుంది. ఊళ్లో వడ్రంగి చేత టేకు ఫ్రేమ్ కట్టించుకోండి. 5కి 3 ఇస్తున్నా, ఆ కుడి పక్క కాస్త వెలుతురు పెంచి ప్రింట్ తీస్తే 4 ఇచ్చేదాన్ని.