‘రన్’ అన్న ఒక్క మాటతో ఒక నిఘంటువుకు పరీక్ష: ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ

ఇంగ్లీషు నిఘంటువు ఏది కొన్నా, ముందుగా అందరికీ వచ్చిన ఒక చిన్న క్రియ దగ్గర దాన్ని తెరిచి చూడడం నాకు అలవాటు. కఠిన పదానికి సాధారణంగా ఒకటో రెండో అర్థాలు ఉంటాయి, ఎక్కడ వెతికినా దొరుకుతాయి. నిఘంటుకారుడి పనితనం తెలిసేది నోట్లో నానే మాటల దగ్గరే. అందుకే 2020లో వచ్చిన ఈ డిక్షనరీ పదో కూర్పును నేను ‘రన్’ దగ్గర తెరిచాను.

ఈ మాటే ఎంచుకోవడానికి కారణం ఉంది. నా దగ్గర ఇంగ్లీషు చెప్పించుకునే ఒక అమ్మాయి, నూలు చీర చీటీ మీద రంగుల గురించి ‘రన్’ అని ఉన్న హెచ్చరికను ‘రంగులు పరుగెత్తవచ్చు’ అని తెలుగు చేసి తెచ్చింది. తప్పు ఆమెది కాదు. ఆమె చేతిలోని ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు ‘పరుగెత్తు, పారు, నడుపు’ అని మూడు మాటలు వరుసగా పేర్చి, ఏది ఎక్కడ వాడాలో చెప్పకుండా ఊరుకుంది. ఉతికితే రంగు దిగుతుందని, పక్క బట్టలకు అంటుకుంటుందని చెప్పే అర్థం ఆ మూడింటిలో లేనే లేదు.

ఆక్స్‌ఫర్డ్ పుస్తకం ఈ చిక్కును చక్కగా విప్పింది. పొడవైన వివరణను ఒకే ముద్దగా పెట్టకుండా కాలినడకన వేగంగా వెళ్లడం, వ్యాపారం నిర్వహించడం, బస్సులు రైళ్లు, ద్రవాలు, రంగు, పత్రిక, ఎన్నిక అంటూ ప్రతి అర్థం ముందూ ఒక చిన్న గుర్తు మాట పెట్టింది. చీర చీటీ పట్టుకున్న పిల్ల నేరుగా ‘రంగు’ దగ్గరికి వెళ్లవచ్చు. నిర్వచనాలు కూడా తేలికైన మాటల్లోనే ఉంటాయి కాబట్టి, ఒక మాట కోసం వెళ్లి మరో నాలుగు మాటలు వెతుక్కోవలసిన అవస్థ ఉండదు.

అయితే తెలుగువాళ్లకు దీనిలో అన్నిటికన్నా విలువైనది వాక్య నిర్మాణపు గుర్తులని నా అభిప్రాయం. మన భాషలో బస్సు నడుస్తుంది, డ్రైవరు దాన్ని నడుపుతాడు. నీళ్లు పారతాయి, రైతు వాటిని పారిస్తాడు. పని తనంతట జరిగిందా, ఒకరు జరిపించారా అన్నది క్రియ రూపమే చెప్పేస్తుంది. ఇంగ్లీషులో రెండు చోట్లా ‘రన్’ ఒక్కటే, రూపం మారదు. తర్వాత కర్మ ఉందా లేదా అన్న దాన్నిబట్టే అర్థం తేలుతుంది. ఈ పుస్తకం ప్రతి అర్థం దగ్గరా ఆ సంగతిని గుర్తుతో, ఉదాహరణ వాక్యంతో చూపిస్తుంది. దీనికి మూలపురుషుడైన ఏ.ఎస్. హార్న్‌బీ జపానులో ఇంగ్లీషు బోధించిన ఉపాధ్యాయుడు. తొలి కూర్పు 1942లో టోక్యోలో వెలువడింది, ఆక్స్‌ఫర్డ్ దాన్ని 1948లో తిరిగి అచ్చు వేసింది. పరభాషవాళ్లకు క్రియ ఎక్కడ తడబాటు తెస్తుందో తరగతి గదిలో చూసిన మనిషి చేసిన పుస్తకమన్న సంగతి ఇప్పటికీ ప్రతి పేజీలో తెలుస్తుంది.

ఎన్నికల అర్థం దగ్గర కాసేపు ఆగిపోయాను. అభ్యర్థి విషయంలో ‘రన్’ అనడం ముఖ్యంగా అమెరికా వాడుక అని పుస్తకం చెబుతుంది; బ్రిటన్‌లో ‘స్టాండ్’ అంటారు. మనమూ ఎన్నికల్లో ‘నిలబడ్డాడు’ అనే అంటాం కదా!

ఇక అర్థాల సంఖ్య సంగతి. పెద్ద ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు కోసం ఈ ఒక్క క్రియను తిరగరాయడానికి పీటర్ గిలివర్ అనే సంపాదకుడికి దాదాపు తొమ్మిది నెలలు పట్టింది, 645 అర్థాలు తేలాయి. విద్యార్థికి అన్ని అక్కర్లేదు. నిత్యం ఎదురయ్యేవాటిని ఏరి ఇవ్వడమే ఈ చిన్న పుస్తకం చేసిన మేలు.

లోపాలు లేకపోలేదు. ‘రన్’ ఉన్న జాతీయాల్లో చాలావాటిని ఇక్కడ ఇవ్వకుండా, ఆయా నామవాచకాల దగ్గర చూడమని ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారు. ‘రన్ రయట్’ కావాలంటే ‘రయట్’ దగ్గరికి వెళ్లాలన్నమాట. ఈ ఏర్పాటు తెలియని పిల్లలు జాతీయం పుస్తకంలోనే లేదనుకుని మూసేస్తారు. ‘అవుట్’, ‘ఇంటు’, ‘ఓవర్’ వంటివి చేరి ఏర్పడే క్రియలన్నీ చివరన ఉంటాయి కాబట్టి అక్కడిదాకా ఓపిక పట్టాలి. అక్షరాలు సన్నవి, బరువు ఎక్కువ. బడి సంచిలో రోజూ మోయదగ్గ పుస్తకం కాదు. వీటి నుంచి కొంత ఉపశమనం ఆక్స్‌ఫర్డ్ వారి ఉచిత వెబ్‌సైటు: అక్కడ బ్రిటిష్, అమెరికన్ ఉచ్చారణలు రెండూ వినవచ్చు. అయినా ఒక క్రియ అర్థాలన్నిటినీ పక్కపక్కన పెట్టుకుని చూడడానికి నాకు కాగితమే నచ్చుతుంది.

తొమ్మిదో తరగతి దాటిన పిల్లలకు, అనువాదం చేసేవాళ్లకు దీన్ని గట్టిగా సిఫారసు చేస్తాను. తెలుగు అర్థాలు ఇందులో ఉండవు కాబట్టి పక్కన ఒక పెన్సిల్ పెట్టుకోండి. నా ప్రతిలో ముక్కు దగ్గర ‘కారు’ అని, రోడ్డు దగ్గర ‘సాగు’ అని, అనుకోకుండా మనిషి ఎదురుపడే చోట ‘తారసపడు’ అని రాసి ఉంది. సరుకులు అయిపోయాయని చెప్పే ‘రన్ అవుట్’ పక్కన మాత్రం మా అమ్మమ్మ బియ్యం డబ్బా అడుగంటినప్పుడల్లా అనే మాట రాసుకున్నాను: ‘నిండుకున్నాయి’.