రొయ్యల చెరువుల డేటాకి సీబోర్: కొన్నేళ్లు వాడాక

భీమవరం చుట్టుపక్కల వనామి చెరువుల లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ మాది. గట్టు మీద సూపర్‌వైజర్ ఫోన్లో ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ ఉంటుంది, ఆఫీసు సర్వర్లో పోస్ట్‌గ్రెస్ అనే మరో డేటాబేస్ ఉంటుంది. చెరువులో తేలే మీటర్ లోరా అనే, కొద్దిపాటి డేటాని దూరం పంపే రేడియోతో మాట్లాడుతుంది. ఈ మూడింటి మధ్య విలువలు అటూఇటూ పంపడానికి కొన్నేళ్లుగా సీబోర్ అనే బైనరీ ఫార్మాట్ వాడుతున్నాం. సైజు తగ్గుతుందనే తీసుకున్నాం. ఇప్పటికీ వదలకపోవడానికి కారణం మాత్రం సైజు కాదు, నల్, అంటే ‘విలువ లేదు’ అని చెప్పే గుర్తు.

రాత్రంతా చెరువులో ఆక్సిజన్ తయారవదు, వాడకం మాత్రం ఆగదు. అందుకే తెల్లవారుజామున డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) బాగా పడిపోతుంది. ఆ వేళ స్క్రీన్ మీద సున్నా కనిపిస్తే చెరువు పోయినట్టే. మీటర్ రీడింగ్ తీయలేకపోతే అది వేరే సంగతి, దానికి సున్నా వేయకూడదు. మాకు ముందు ఒక మీటర్ కంపెనీ వాళ్లిచ్చిన ప్రోగ్రామ్ ప్రోటోబఫ్ అనే ఇంకో బైనరీ ఫార్మాట్ మూడో వెర్షన్ సింటాక్స్‌తో ఉండేది. అందులో మామూలు సంఖ్య ఫీల్డ్ సున్నా అయితే అసలు పంపదు, పంపని ఫీల్డ్‌ని అవతలివైపు సున్నాగా చదువుకుంటుంది. ఫీల్డ్ పంపారో లేదో తెలిసేలా ‘ఆప్షనల్’ అని రాసుకునే వీలు 2021 నాటికిగానీ మామూలు వాడకంలోకి రాలేదు, వీళ్లు దాన్ని వాడనూ లేదు. దాంతో తెల్లారకుండానే ఫోన్లు. "సున్నా చూపిస్తందేంటండీ బాబూ, రొయ్య ఉన్నట్టా పోయినట్టా?" సీబోర్‌లో నల్‌కి ఒక బైటు, సున్నాకి ఇంకో బైటు, రెండూ ఎప్పుడూ కలవవు. నాకు ఆ ఒక్కటి చాలు.

మిగతా పద్ధతి సులువే. మొదటి బైటులో పై 3 బిట్లు విలువ ఏ రకమో చెబుతాయి, కింది 5 బిట్లలో విలువ గానీ పొడవు గానీ ఉంటుంది. 0 నుంచి 23 దాకా ఆ బైటులోనే ఇమిడిపోతాయి. 255 దాకా 2 బైట్లు, 65,535 దాకా 3. ఈ విషయంలో మెసేజ్‌ప్యాక్ అనే మరో బైనరీ ఫార్మాట్ కాస్త ఉదారం, 127 దాకా ఒక్క బైటే. మా రీడింగుల్లో ఎక్కువ భాగం 24కీ 127కీ మధ్యే ఉంటాయి కాబట్టి సైజొక్కటే చూస్తే అదే గెలవాలి. కానీ దశాంశానికి, తేదీకి అందులో ప్రామాణిక గుర్తుల్లేవు. టైమ్‌స్టాంప్ ఒక్కటే ఉంది, మిగతావి ఎవరికి వాళ్లు పెట్టుకోవాలి.

దశాంశాల దగ్గరే అసలు తమాషా. డీవో 4.6ని డబుల్ అనే 8 బైట్ల సంఖ్యగా పంపితే మొదటి బైటుతో కలిపి 9 బైట్లు. 3 బైట్ల హాఫ్ ఫ్లోట్‌లోకి కుదిస్తే అది 4.6015625 అయిపోతుంది. ట్యాగ్ 4 (ఇది దశాంశం అని చెప్పే సీబోర్ గుర్తు) వాడి −1, 46 అని, అంటే 46ని ఒకసారి పదితో భాగించమని, జతగా పంపితే 5 బైట్లు, విలువలో వెంట్రుకవాసి తేడా రాదు. జేసన్ అనే అక్షరాల ఫార్మాట్‌లో 4.6 అంటే 3 అక్షరాలే కదా అని మా కుర్రాడు అడిగాడు. నిజమే, బైనరీ అయినంత మాత్రాన ప్రతి విలువా చిన్నదైపోదు. మేత రేట్లకి మాత్రం ట్యాగ్ 4 ఉండాల్సిందే. పోస్ట్‌గ్రెస్‌లో న్యూమరిక్ అనే దశాంశ కాలమ్‌లో 12.50 అని ఉంటే −2, 1250గా వెళ్లి 12.50 లాగే తిరిగొస్తుంది, పైసల దగ్గర అకౌంటెంట్‌తో పేచీ ఉండదు. తేదీలకి ట్యాగ్ 100 ఉంది. 1970 నుంచి రోజుల లెక్క వేసి మొత్తం 5 బైట్లలో పంపుతుంది, అదే తేదీ అక్షరాల్లో అయితే 11.

తెలుగు పేర్లు బరువే. యూటీఎఫ్-8 అనే అక్షరాల ఎన్‌కోడింగ్‌లో మన ప్రతి గుర్తుకీ, గుణింతంతో సహా, 3 బైట్లు. భీమవరం 18 బైట్లు, రకం, పొడవు చెప్పే హెడర్‌తో 19. అమలాపురం 24 కావడంతో 23 హద్దు దాటి హెడర్‌కే 2 పడుతుంది. అయినా పైథాన్ జేసన్ మామూలుగా రాసే పద్ధతిలో భీమవరానికే 38 బైట్లు.

చెరువులో మీటర్ దగ్గర మాత్రం ఒక్కో బైటూ లెక్కే. మన దేశంలో లోరావాన్ (లోరా మీద నడిచే నెట్‌వర్క్ పద్ధతి) అతి నెమ్మది వేగంలో మెసేజ్‌కి 51 బైట్లకి మించి తీసుకోదు. అక్కడ ప్రతి రీడింగ్‌తో కాలమ్ పేర్లు పంపడం ప్రతి మేత బస్తాతో పాటు మిల్లు అడ్రస్ పుస్తకం కట్టి పంపినట్టే. పేర్లు తీసేసి వరస ఖాయం చేశాం, దశాంశాలని పదితో గుణించి పూర్ణాంకాలు చేశాం. అరే (విలువల వరస) హెడర్ 1, టైము 6, చెరువు నంబరు 3, డీవో 2, పీహెచ్ 2, ఉష్ణోగ్రత 3, ఉప్పదనం 1, మొత్తం 18 బైట్లు. రెండు రీడింగులు ఒకే మెసేజ్‌లో పోతున్నాయి. ఇందులో ఎక్కువ పొదుపు సీబోర్ గొప్పతనం కాదు, కాలమ్‌కి ఏ రకం సరిపోతుందో కూర్చుని తేల్చుకోవడం వల్ల వచ్చింది. కాకపోతే ఇంత కుదించాక కూడా నల్ నల్‌గానే వెళ్తుంది.

చిరాకులూ ఉన్నాయి. ట్యాగ్ 4ని కొన్ని లైబ్రరీలు పట్టించుకోవు, దశాంశం బదులు రెండు సంఖ్యల జత చేతిలో పెడతాయి. లైబ్రరీ మార్చినప్పుడల్లా ముందు అదే పరీక్షిస్తాం. ఫోన్ యాప్ జావాస్క్రిప్ట్ కాబట్టి 2 టు ది పవర్ 53 దాటిన ఐడీలు బిగ్‌ఇంట్ అనే పెద్ద పూర్ణాంకాల రకంగా రాకపోతే చివరి అంకెలు మారిపోతాయి. పైగా లాగ్ తెరిస్తే బైట్లు కనిపిస్తాయి తప్ప ఏమీ అర్థం కాదు. 2020లో వచ్చిన సీబోర్ ప్రమాణ పత్రం ఆర్ఎఫ్‌సీ 8949లో మనుషులు చదవగలిగే డయాగ్నస్టిక్ రాత ఒకటి ఉంది, లాగుల్లో అది కూడా రాయించడం మొదలెట్టాక టెన్షన్ తగ్గింది.

మేత ఖాతాల వెబ్ పేజీకి జేసనే ఉంచాం. రోజు మొత్తం వరసలు ఒకేసారి జిప్ అయి వెళ్తాయి కాబట్టి సైజులో తేడా పెద్దగా రాదు. ఎక్కడైనా లెక్క తప్పితే అకౌంటెంట్ కూడా ఆ ఫైల్ తెరిచి ఏ వరసలో తేడా ఉందో చెప్పగలుగుతున్నాడు.