విశాఖలో బీఏ: చేతిలో ఉంచుకోదగ్గ సీటు ఏది?

పొలిటికల్ సైన్సో, భాషలో చదవాలని సీయూఈటీ (సెంట్రల్ యూనివర్సిటీల ఉమ్మడి ప్రవేశ పరీక్ష) రాసిన పిల్లలున్న ఇంట్లో ఫలితాలు వచ్చి, కౌన్సెలింగులు ముగిసేదాకా ఒకటే గుబులు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీయో, ఇఫ్లూయో (ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ) వస్తే సరే, రాకపోతే? ఊళ్లో ఏదో ఒక సీటు ఉండాలి కదా అని ఓఏఎండీసీ (రాష్ట్రంలో డిగ్రీ కాలేజీల ఆన్‌లైన్ ప్రవేశాల పద్ధతి) వెబ్ ఆప్షన్లలో నాలుగు కాలేజీలు పెట్టేస్తారు. విశాఖలో బీఏ సీటు దొరకడం కష్టమేమీ కాదు. దొరికిన సీటులో కోర్సు మూడేళ్లూ నడుస్తుందా, ప్రభుత్వం డబ్బు ఇచ్చినా ఇవ్వకపోయినా ఆ ఫీజు మనం కట్టుకోగలమా అన్నవి చూసుకుంటేనే అది బ్యాకప్ అవుతుంది.

పొలిటికల్ సైన్సుకి మా మొదటి ఓటు మద్దిలపాలెంలోని డాక్టర్ వి.ఎస్. కృష్ణా ప్రభుత్వ డిగ్రీ కాలేజీకి. ప్రభుత్వ ఫీజు, అటానమస్ హోదా (సిలబస్, పరీక్షలు కాలేజీ సొంతం), ఊరికి ఏ మూల నుంచైనా బస్సు. ఆర్టీసీ స్టూడెంట్ పాస్ తీసుకుంటే గాజువాక నుంచి వచ్చేవాళ్లకైనా ప్రయాణం పెద్ద భారం కాదు. ఆంధ్రా యూనివర్సిటీ పక్కనే ఉంది కాబట్టి అక్కడి పాలిటిక్స్ డిపార్ట్‌మెంట్ సెమినార్లకి నడిచి వెళ్లొచ్చు. యూనివర్సిటీ లైబ్రరీ పేరూ వి.ఎస్. కృష్ణా లైబ్రరీయే, ఆటో ఎక్కేటప్పుడు కాలేజీ అని నొక్కి చెప్పండి. రోజూ నాలుగు పేపర్లు చదువుకోవడానికి ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయం ఉండనే ఉంది.

1860లో మొదలైన ఏవీఎన్ కాలేజీది వేరే లెక్క. పేరు పాతది, బీఏ చదువు అక్కడ పాతుకుపోయింది. కాకపోతే ‘ఎయిడెడ్ (సిబ్బంది జీతాలు ప్రభుత్వం ఇచ్చే ప్రైవేటు కాలేజీ) కదా, చవక’ అనే పాత లెక్క ఇప్పుడు ఏ కాలేజీలోనూ కళ్లు మూసుకుని వేయకూడదు. 2021లో ప్రభుత్వం ఎయిడెడ్ సిబ్బందిని తనలోకి తీసుకునే దారి తెరిచాక రాష్ట్రంలో చాలా కాలేజీల్లో ఆ పోస్టులు పోయాయి. మీరు చేరబోయే సబ్జెక్టులో ఎయిడెడ్ పోస్టు ఇంకా ఉందా, ఆ సెక్షన్‌కి ఏ ఫీజు వర్తిస్తుందో ఆఫీసులో అడిగి, కాగితం మీద రాయించుకోండి. అమ్మాయిలకైతే జ్ఞానాపురంలోని సెయింట్ జోసెఫ్స్ ఉంది. అది కూడా అటానమస్సే, రైల్వే స్టేషన్‌కి దగ్గర కాబట్టి అనకాపల్లి వైపు నుంచి రోజూ రైల్లో వచ్చిపోయేవాళ్లకి అనువు. రుషికొండ గీతం మంచిదా కాదా అన్నది వేరే చర్చ. అది డీమ్డ్ యూనివర్సిటీ, ప్రవేశాలు దాని సొంతం, ఖర్చులో ప్రభుత్వ కాలేజీతో పోలికే లేదు. చవక బ్యాకప్ జాబితాలో దానికి చోటు లేదు.

ఇక అసలు చిక్కు. 2022-23 దాకా మన దగ్గర బీఏ అంటే మూడు సబ్జెక్టుల జట్టు. హెచ్‌ఈపీ తీసుకుంటే హిస్టరీ, ఎకనామిక్స్‌తోపాటు పాలిటిక్స్ కూడా దానంతటదే నడిచేది. 2023-24లో సింగిల్ మేజర్ పద్ధతి (ఒకే ప్రధాన సబ్జెక్టు) వచ్చాక పొలిటికల్ సైన్స్ తన క్లాసుని తానే నింపుకోవాల్సి వచ్చింది. పదిమందే చేరితే యాజమాన్యం ఆ మేజర్‌ని నడపదు. చేరినవాళ్లని పిలిచి ‘కామర్స్‌కో, కంప్యూటర్స్‌కో మారిపోండి’ అంటుంది. అప్పటికి వెబ్ ఆప్షన్ల గడువు దాటిపోయి ఉంటుంది. తెలుగు, హిందీ, సంస్కృతం మేజర్లలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ, ఇంగ్లీషులో కాస్త తక్కువ. సబ్జెక్టుల అమరిక మీద ప్రభుత్వం మళ్లీ మళ్లీ చెయ్యి వేస్తూనే ఉంటుంది కాబట్టి సీనియర్ల మాట కాకుండా మీరు చేరే ఏటి నోటిఫికేషనే ప్రమాణం.

కోర్సు బతికే ఉందో లేదో కనిపెట్టడానికి వెబ్‌సైట్ పనికిరాదు. కాలేజీకి వెళ్లి నోటీసు బోర్డు మీద టైమ్ టేబుల్ చూడండి. రెండో ఏడాది, మూడో ఏడాది గడుల్లో మీ సబ్జెక్టు కనిపించాలి. మొదటి ఏడాదిలో ఉండి పైన లేకపోతే ఎందుకు లేదో అడగాలి. అధ్యాపకుడి పేరు పక్కన రెగ్యులరా, కాంట్రాక్టా, గెస్టా అన్నది కూడా తెలుసుకోండి. సబ్జెక్టు మొత్తం ఒక్క గెస్ట్ లెక్చరర్ మీద నడుస్తుంటే ఆయనకి రెన్యువల్ ఆలస్యమైన ఏడాది సెమిస్టర్ సగం గడిచాక గానీ క్లాసులు మొదలుకావు. న్యాక్ (కాలేజీల నాణ్యతని తూచే సంస్థ) గ్రేడు చూసినప్పుడు కింద తేదీ కూడా చూడాలి. మామూలుగా దాని గడువు ఐదేళ్లు. గేటు మీద ఫ్లెక్సీకి మాత్రం గడువుండదు.

తెలుగు మీడియంలో ఇంటర్ చదివినవాళ్లు ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి. 2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియం. రాజ్యాంగం పేపర్ తెలుగులో బాగా వచ్చు కదా అని నిశ్చింతగా ఉంటే మొదటి సెమిస్టర్లోనే మార్కులు పోతాయి.

ఫీజు రీయింబర్స్‌మెంట్ నమ్ముకునేవాళ్లకి మూడు షరతులు. కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షల లోపు ఉండాలి, హాజరు 75 శాతానికి తగ్గకూడదు, సీటు కన్వీనర్ కోటాలో (వెబ్ ఆప్షన్ల ద్వారా) వచ్చినదై ఉండాలి. ఎక్కువమంది మునిగేది మూడోదాని దగ్గరే. సీయూఈటీ ఫలితం చూసి చేరదాంలే అని ఆగి, చివర్లో స్పాట్ అడ్మిషన్లో (మిగిలిపోయిన సీట్లకి కాలేజీలోనే నేరుగా ఇచ్చే ప్రవేశం) చేరితే సీటు వస్తుంది గానీ రీయింబర్స్‌మెంట్ రాదు. మేనేజ్‌మెంట్ కోటాదీ, దూరవిద్యదీ అదే సంగతి. ప్రైవేటు కాలేజీలైతే ప్రభుత్వ డబ్బు ఆలస్యమైనప్పుడు ముందు మీరే కట్టండి అంటాయి, పరీక్షల ముందు హాల్ టికెట్ దగ్గర మెలిక పెడతాయి. అందుకే ట్యూషన్ ఫీజు, స్పెషల్ ఫీజు, సెమిస్టర్‌కోసారి పరీక్ష ఫీజు అన్నీ కూడి, సొంతంగా కట్టగలిగిన కాలేజీనే బ్యాకప్‌గా పెట్టుకోవాలి.

వెబ్ ఆప్షన్ల వరుస చాలామంది తలకిందులుగా పెడతారు. మార్కులను బట్టి పై నుంచి కిందికి చూస్తూ దొరికిన మొదటిదాన్ని ఇస్తారు, దాని కింద ఉన్నవాటి ఊసే ఉండదు. తప్పక వస్తుందని బ్యాకప్‌ని పైన పెడితే అదే వచ్చి కూర్చుంటుంది. ఇష్టమైనవి పైన, కృష్ణా కాలేజీలాంటిది కింద పెట్టండి, మానేయొద్దు. రెండో విడతలో పై ఆప్షన్ వస్తే పాత సీటు రద్దవుతుంది. దాన్ని వదులుకోవడం ఇష్టం లేకపోతే రెండో విడతలో అసలు పాల్గొనకూడదు.

ఇక భాషలు. ఫ్రెంచో, జర్మనో, జపనీసో డిగ్రీగానే చదవాలంటే విశాఖ సరైన చోటు కాదు. హైదరాబాద్ తార్నాకలో ఇఫ్లూ ఆ భాషల్ని అక్షరాల నుంచి మొదలుపెట్టి బీఏగా నేర్పుతుంది. సంస్కృతమైతే తిరుపతిలో జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం ఉంది. అవి రాకపోతే బ్యాకప్‌గా ఇక్కడ నాసిరకం భాషా డిగ్రీ వెతకొద్దు. ప్రభుత్వ కాలేజీలో పొలిటికల్ సైన్స్ తీసుకుని, పక్కన ఇగ్నోలో (కేంద్రం నడిపే దూరవిద్య యూనివర్సిటీ) ఆరు నెలల భాషా సర్టిఫికెట్ కోర్సు చేయడం మేలు. ఇగ్నో ప్రాంతీయ కేంద్రం ఊళ్లోనే ఉంది, ప్రవేశాలు జనవరిలోనూ జూలైలోనూ ఉంటాయి. ఒక రెగ్యులర్ డిగ్రీ, ఒక దూరవిద్య డిగ్రీ ఒకేసారి చదవడానికే 2022లో యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) అనుమతిచ్చింది, సర్టిఫికెట్‌కి అభ్యంతరమేముంది? ఇగ్నోలో ఫెయిలయ్యేవాళ్లలో చాలామంది భాష రాక కాదు, అసైన్‌మెంట్ గడువులోపు ఇవ్వక. జపనీస్ నేర్చుకునేవాళ్లు జేఎల్‌పీటీ (జపనీస్ భాషా సామర్థ్య పరీక్ష) జూలై, డిసెంబరు పరీక్షల్లో ఒకటి లక్ష్యంగా పెట్టుకోవాలి. ఉద్యోగమిచ్చేవాడు అడిగేది ఆ స్థాయి సర్టిఫికెట్‌నే.

బ్యాకప్‌లో చేరే రోజు టీసీ ఇచ్చేముందు దానికీ, స్టడీ సర్టిఫికెట్లకీ, కుల, ఆదాయ పత్రాలకీ అరడజను జిరాక్సులు తీసి గెజిటెడ్ సంతకం చేయించుకోండి, ఫోన్లో స్కాన్ కూడా ఉంచుకోండి. మార్కుల మెమో ఒరిజినల్ కాలేజీ చూసి తిరిగి ఇచ్చేయాలి, బీరువాలో పెట్టుకోవడానికి యూజీసీ ఒప్పుకోదు. సెంట్రల్ యూనివర్సిటీ సీటు వచ్చిందంటే అదే రోజు రద్దు దరఖాస్తు రాసిచ్చి, దాని నకలు మీద ఇన్‌వార్డ్ స్టాంపు వేయించుకోవాలి. 2024-25లో సెప్టెంబరు 30 దాకా రద్దు చేసుకుంటే పూర్తి ఫీజు, అక్టోబరు 31 దాకా వెయ్యి రూపాయలకు మించకుండా పట్టుకుని మిగతాది వాపసు ఇవ్వాలని యూజీసీ చెప్పింది. ఏటా ఇలాంటి ఉత్తర్వు వస్తుంటుంది, మీ ఏటిది ప్రింటు తీసి దరఖాస్తుకి జతచేయండి. స్టాంపు తేదీ లేకపోతే గుమాస్తా ‘మీరు నవంబర్లో వచ్చారు’ అన్నా మీ దగ్గర జవాబుండదు.