పోస్ట్‌ఫిక్స్: క్యూ మీద నమ్మకం ఉంది, కొన్ని షరతులతో

మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌ఫిక్స్‌ని ఎలా ఇన్‌స్టాల్ చేయాలో ఇక్కడ రాయడం లేదు. డెబియన్ లినక్స్‌లో ఒక్క కమాండుతో పని అయిపోతుంది. అడిగినప్పుడు ‘ఇంటర్నెట్ సైట్’ అని ఎంచుకుని డొమైన్ పేరు ఇస్తే మెయిల్ కదలడం మొదలవుతుంది. మిగతావి ఎవరి అవసరాన్ని బట్టి వాళ్లు దాని సెట్టింగుల ఫైలు మెయిన్ డాట్ సీఎఫ్‌లో చేర్చుకుంటారు. చాలా ఏళ్లుగా దాన్ని రోజూ చూసుకుంటున్న మనిషిగా నేను చెప్పదలచుకున్నది దాని క్యూ గురించే, అంటే అందించాల్సిన మెయిల్ వరసలో ఆగే చోటు గురించి. ‘ఈ మెయిల్ నేను తీసుకున్నాను’ అని పోస్ట్‌ఫిక్స్ ఒకసారి ఒప్పుకుందంటే ఆ మెయిల్‌ని ఊరికే పోనివ్వదు. ఇంత ధీమాగా చెబుతున్నానంటే దానికి ఒక సంక్రాంతి కారణం.

మాది విజయవాడలో సివిల్ కాంట్రాక్టు పనులు చేసే చిన్న కంపెనీ. సైట్ ఇంజినీర్లు, అకౌంట్స్ వాళ్లు, టెండర్లు చూసేవాళ్లు, అందరి మెయిలూ మా సొంత మెషీన్ల మీదే. ముందున్న మెషీన్‌లో పోస్ట్‌ఫిక్స్ బయటి మెయిల్‌ని తీసుకుంటుంది. వెనకున్న మెషీన్‌లో మెయిల్‌బాక్సులు చూసుకునే డోవ్‌కాట్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, మెయిల్‌బాక్సులన్నీ అందులోనే. మొదటిది రెండోదానికి ఎల్‌ఎమ్‌టీపీ అనే పద్ధతిలో మెయిల్ అందిస్తుంది. ఇంత చిన్న ఆఫీసుకి రెండు మెషీన్లెందుకని మొదట్లో చాలామంది అడిగారు. ఆ పండగ తర్వాత ఎవరూ అడగలేదు.

భోగికి ముందు రోజు సాయంత్రం వెనక మెషీన్‌లో రెయిడ్ కార్డు పోయింది. సగం ఆఫీసు అప్పటికే ఊళ్లకు బయల్దేరింది. డిస్కులు బాగానే ఉన్నట్టున్నాయి గానీ వాటిని చదివే కార్డే లేదు. సప్లయర్‌కి ఫోన్ చేస్తే, ఆ మోడల్ హైదరాబాద్ నుంచి రావాలి, కనుమ వెళ్లాకే ఏదైనా అన్నాడు. మా ఎండీ గారు ఊరి నుంచి ఫోన్ చేశారు.

“ఏమయ్యా, ఈ పండగ రోజుల్లో వచ్చే మెయిల్స్ అన్నీ పోయినట్టేనా?”

“పోవు సార్. వచ్చినవి వచ్చినట్టు ముందు మెషీన్‌లో ఆగుతాయి. కార్డు రాగానే లోపలికి వెళ్లిపోతాయి.”

“గ్యారంటీ ఏంటి?”

ఆ గ్యారంటీ ఎక్కడుందో చెప్పాలంటే కొంచెం లోపలికి వెళ్లాలి. పోస్ట్‌ఫిక్స్‌ని 1998లో ఐబీఎం పరిశోధన కేంద్రంలో వీట్సె వెనెమా విడుదల చేశారు. అప్పట్లో అందరూ వాడుతున్న సెండ్‌మెయిల్ ఒకే పెద్ద ప్రోగ్రామ్. దానికి భిన్నంగా ఆయన పనినంతా చిన్నచిన్న ప్రోగ్రాములుగా విడగొట్టారు. తలుపు దగ్గర మెయిల్ తీసుకునేది ఒకటి, సర్ది క్యూలో పెట్టేది ఒకటి, క్యూని నడిపేది ఒకటి, బయటికి అందించేది మరొకటి. ఏ ఒక్కటి కూలినా మిగతావి నిలబడతాయి, మాస్టర్ అనే ప్రోగ్రాము కూలినదాన్ని మళ్లీ లేపుతుంది. సర్ది పెట్టే ప్రోగ్రామ్ పేరు క్లీనప్. మెయిల్ మొత్తం ఫైల్లో రాసి, అది నిజంగా డిస్కు మీదికి వెళ్లిందని తేల్చుకున్నాకే అవతలి సర్వర్‌కి ‘తీసుకున్నాను’ అని అర్థం వచ్చే 250 అనే జవాబు వెళుతుంది. ఫైల్ రాయడం పూర్తయిందనడానికి గుర్తు కూడా ఆ ఫైల్ మీదే ఉంటుంది. రాస్తున్నంతసేపూ దాని పర్మిషన్ 600, పూర్తికాగానే 700. క్యూ మేనేజర్ 700 ఉన్నవాటినే ముట్టుకుంటుంది. రాస్తూ ఉండగా కరెంటు పోతే ఆ ఫైల్ సగంలోనే ఆగిపోతుంది, కానీ అవతలి వాడికి మనం ఒప్పుకున్నట్టు చెప్పి ఉండం కాబట్టి వాడే మళ్లీ పంపుతాడు. ఈ పద్ధతి నాకు ఎంత నచ్చుతుందో మాటల్లో చెప్పలేను. ఏ క్షణంలో చూసినా ఆ మెయిల్ బాధ్యత ఎవరిదో స్పష్టంగా ఉంటుంది.

ఆ రాత్రి నేను మెయిల్‌క్యూ కమాండు కొట్టి చూస్తూ కూర్చున్నాను. ఒక్కో మెయిల్‌కి ఒక క్యూ నంబరు, సైజు, వచ్చిన సమయం, పంపినవారి చిరునామా, దాని కింద బ్రాకెట్లో కారణం, ఆ కింద చేరాల్సిన చిరునామా. కారణం చాలావాటికి ఒకటే, వెనక మెషీన్‌కి కనెక్షన్ దొరకలేదని. కొన్నింటికి మాత్రం ‘డెలివరీ తాత్కాలికంగా ఆపాం’ అనే అర్థం వచ్చే వాక్యం ముందు చేరింది. అంటే ఒక మెయిల్ ఇవ్వబోయి తలుపు మూసి ఉందని తెలుసుకున్నాక, ప్రతి మెయిల్‌కీ వెళ్లి తలుపు కొట్టకుండా మిగతావాటిని కాసేపు ఆపేస్తుంది. బస్సు రాని రోజున పోస్టాఫీసులో సంచి కట్టి తాళం వేసి ఉంచినట్టు, మెయిల్ అంతా డిఫర్డ్ అనే డైరెక్టరీలో భద్రంగా కూర్చుంది. మళ్లీ ప్రయత్నించే వ్యవధి మొదట 300 సెకన్లు, అది పెరుగుతూ 4000 సెకన్ల దాకా వెళ్లి అక్కడ ఆగుతుంది. ఇవన్నీ డిఫాల్టుగా వచ్చే అంకెలే, నేను ముట్టుకున్నవి కావు.

కనుమ నాటికి ఇంకో లెక్క మొదలైంది. డిఫాల్టుగా పోస్ట్‌ఫిక్స్ ఒక మెయిల్‌ని 5 రోజులే దాచుతుంది, ఆ తర్వాత పంపినవారికి తిప్పి కొడుతుంది. కార్డు ఇంకా బయల్దేరలేదు, మధ్యలో ఆదివారం ఉంది. పోస్ట్‌కాన్ఫ్ కమాండుతో ఈ గడువు సెట్టింగు మ్యాగ్జిమల్ క్యూ లైఫ్‌టైమ్‌ని 10 రోజులు చేసి రీలోడ్ ఇచ్చాను. బాగున్న సంగతి ఏంటంటే, ఈ గడువు మెయిల్ వచ్చినప్పుడు దాని మీద ముద్ర వేసేది కాదు. డెలివరీకి ప్రయత్నించి కుదరని ప్రతిసారీ అప్పటి సెట్టింగుతో లెక్క చూస్తుంది. కాబట్టి భోగి ముందు రోజు వచ్చిన మెయిల్‌కి కూడా కొత్త గడువు వర్తించింది. టెన్షన్ సగం అక్కడే తగ్గింది.

పండగ మధ్యలోనే అకౌంట్స్ మేడమ్ ఫోన్ చేశారు. బ్యాంకు గ్యారంటీ రెన్యూవల్ గురించి మెయిల్ రావాలి, అందులో తేదీ ఏం రాశారో తెలియాలి అన్నారు. ఆవిడ అనుమతి తీసుకుని, ఆ మెయిల్ క్యూ నంబరుతో పోస్ట్‌క్యాట్ అనే కమాండు కొట్టి ఆ మెయిల్‌ని క్యూలో ఉండగానే చదివి వినిపించాను. అటాచ్‌మెంటు అయితే బేస్‌64 అక్షరాల గుట్టగా కనిపిస్తుంది, సబ్జెక్టు తెలుగులో ఉన్నా అంతే. ఆ మెయిల్ మామూలు ఇంగ్లీషులో ఉండటంతో పని జరిగిపోయింది. రూట్ పాస్‌వర్డ్ ఉన్నవాడు ఎవరి మెయిలైనా ఇలా చదవగలడన్న సంగతి కూడా ఇక్కడే గుర్తుంచుకోవాలి.

కార్డు వచ్చింది, డిస్కులు లేచాయి. అసలైన ప్రమాదం అప్పుడు ఎదురైంది. డోవ్‌కాట్ వాడే యూజర్ల డేటాబేసు పాడవడంతో బ్యాకప్ నుంచి తెచ్చాం. ఆ బ్యాకప్ తీసిన తర్వాత చేరిన ఉద్యోగుల పేర్లు అందులో లేవు. వాళ్ల మెయిల్ వెళితే డోవ్‌కాట్ ‘550, అలాంటి యూజర్ లేడు’ అంటుంది. 550 అంటే శాశ్వతంగా కుదరదని అర్థం. అన్ని రోజులు కాపాడిన మెయిల్ ఒక్క క్షణంలో వెనక్కి పోయేది. తలుపు తెరిచే ముందే సాఫ్ట్ బౌన్స్ అనే సెట్టింగుని ‘యెస్’ చేసి ఉంచడంతో ఆ పని జరగలేదు. అది ఉంటే శాశ్వత తిరస్కారం కూడా తాత్కాలికమే అవుతుంది, మెయిల్ మళ్లీ క్యూలోకే వస్తుంది. సర్వర్ రాసుకునే చిట్టా అయిన లాగ్‌లో ‘స్టేటస్’ పక్కన పెద్దక్షరాల్లో సాఫ్ట్‌బౌన్స్ అని పడుతుంటే ఒక్కో పేరు చూసి డేటాబేసులో చేర్చుకుంటూ పోయాను. ముందు మెషీన్‌లో యూజర్ల జాబితా వేరే ఫైల్లో ఉండటం కూడా కలిసొచ్చింది. లేని చిరునామాలకు వచ్చే చెత్తని అది ఆ రోజులన్నీ తలుపు దగ్గరే ఆపింది.

అన్నీ సరిపోయాక ఎల్‌ఎమ్‌టీపీ వైపు ఏకకాలంలో వెళ్లే కనెక్షన్లను డిఫాల్టు 20 నుంచి బాగా తగ్గించి, క్యూలో ఉన్నదంతా వెంటనే పంపించే పోస్ట్‌క్యూ మైనస్ ఎఫ్ కమాండు కొట్టాను. లాగ్ పరుగెత్తింది. వరస మాత్రం తప్పింది, అసలు మెయిల్ కంటే దానికి ఇచ్చిన జవాబు ముందు చేరిన సందర్భాలున్నాయి. చివరికి క్యూ ఖాళీ అని కనిపించింది. ఒక్క మెయిల్ పోలేదు. లాగ్‌లో 250 ఇచ్చిన క్యూ నంబర్లన్నిటినీ డెలివరీ అయినవాటితో సరిచూశాకే ఈ మాట అంటున్నాను.

ఇంతదాకా మెచ్చుకున్నాను. ఇప్పుడు అందులో కొంత వెనక్కి తీసుకోవాలి.

మెయిల్ పోలేదు నిజమే, కానీ సమయానికి రాలేదు. మాకు పనిచ్చిన ఒక కార్యాలయం ఒక బిల్లు మీద వివరణ అడుగుతూ గడువు పెట్టి మెయిల్ పంపింది. అది క్యూలో ఉండగానే గడువు దాటిపోయింది. ఎండీ గారు వెళ్లి మాట్లాడితే, ‘మీ సర్వర్ తీసుకుంది కదండీ’ అని వాళ్లు తమ లాగ్ చూపించారు. వాళ్ల మాట న్యాయమే. మన సర్వర్ 250 అన్నాక పంపినవాడు అందిందనే అనుకుంటాడు. ఆలస్యమవుతోందని పంపినవాడికి చెప్పే డిలే వార్నింగ్ టైమ్ అనే సెట్టింగు డిఫాల్టుగా సున్నా, అంటే అసలు చెప్పదు. మెయిల్‌ని ఇంత జాగ్రత్తగా దాచే సాఫ్ట్‌వేర్ దాచుతున్నానని ఎవరికీ చెప్పకపోవడం నాకు నచ్చదు. ఇప్పుడు మా దగ్గర దాన్ని 4 గంటలు చేశాం. దొంగ చిరునామాలతో వచ్చిన స్పామ్ క్యూలో చిక్కితే ఆ హెచ్చరికలు సంబంధం లేనివాళ్లకి వెళతాయి కాబట్టి, తలుపు దగ్గర వడపోత గట్టిగా ఉంటేనే ఇది పెట్టుకోవాలి. పోస్ట్‌క్యూ జేసన్ రూపంలో (స్క్రిప్టులు సులువుగా చదవగలిగేలా) ఇచ్చే జాబితాని చూసి క్యూ పెరిగితే నా ఫోన్‌కి మెసేజ్ పంపే చిన్న స్క్రిప్టు కూడా నడుస్తోంది. ఆ జేసన్ సౌకర్యం పోస్ట్‌ఫిక్స్ 3.1 నుంచీ ఉంది.

క్యూ ఉన్న డిస్కు కూడా డిస్కే అన్న సంగతి రెండోది. ఆ పండగ రోజుల్లో పోయింది వెనక మెషీన్ కాకుండా ముందుదైతే ఈ కథ వేరేలా ఉండేది. డిస్కు నిండితే మాత్రం పోస్ట్‌ఫిక్స్ పద్ధతిగానే ప్రవర్తిస్తుంది. మెసేజ్ సైజు పరిమితికి ఒకటిన్నర రెట్లు ఖాళీ లేకపోతే 452 అని కొత్త మెయిల్‌ని తాత్కాలికంగా ఆపుతుంది, అది పంపినవారి క్యూలో ఆగుతుంది. డ్రాయింగుల కోసం మేం ఆ పరిమితిని డిఫాల్టు 10 ఎంబీ నుంచి బాగా పెంచాం, కాబట్టి ఖాళీ కూడా ఆ మేరకు ఉంచాలి.

బయటికి వెళ్లే మెయిల్ సంగతి అసలు వేరు. పెద్ద మెయిల్ సంస్థలు మీ ఐపీకి సర్వర్ పేరు చెప్పే పీటీఆర్ రికార్డు ఉందా, మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని చూపే ఎస్‌పీఎఫ్, డీకిమ్ సరిగ్గా ఉన్నాయా అని చూస్తాయి. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ ఈ విషయంలో ఇంకా గట్టిగా ఉన్నాయి. అన్నీ పెట్టినా మెయిల్ స్పామ్ ఫోల్డర్లో పడితే పోస్ట్‌ఫిక్స్ చేయగలిగింది ఏమీ లేదు, దాని లెక్కలో అది డెలివరీ అయినట్టే. మేం ఈ పోరు వద్దనుకుని, బయటికి పోయేదంతా రిలేహోస్ట్ అనే సెట్టింగు ద్వారా, మన తరఫున మెయిల్ పంపిపెట్టే ఒక రిలే సేవకి డబ్బు కట్టి పంపుతున్నాం. అందువల్ల నా మెచ్చుకోలు లోపలికి వచ్చే మెయిల్ వరకే అనుకోండి.

డెబియన్ మీద ఒక ఫిర్యాదు. దాని చాలా వెర్షన్లలో, ఏ ప్రోగ్రాము ఎలా నడవాలో చెప్పే మాస్టర్ డాట్ సీఎఫ్ ప్రకారం చాలా ప్రోగ్రాములు డిఫాల్టుగా క్రూట్‌లో, అంటే ఒక్క డైరెక్టరీ లోపలే బంధించినట్టు నడిచేవి. అలా నడిచేచోట డీఎన్‌ఎస్ సర్వర్ (పేర్లకి ఐపీ చెప్పేది) మారిస్తే, క్యూ ఉండే స్పూల్ డైరెక్టరీ లోపలున్న రిసాల్వ్ డాట్ కాన్ఫ్ (డీఎన్‌ఎస్ సర్వర్ ఏదో చెప్పే ఫైలు) కాపీ పాతదే ఉండిపోయి, మనం కమాండు కొట్టి చూస్తే పేర్లు దొరుకుతుంటే పోస్ట్‌ఫిక్స్‌కి మాత్రం దొరకవు. కొత్తవాళ్లు దీని మీద గంటలు పోగొట్టుకోవడం చూశాను.

మరి వాడమంటానా? మాకు స్టాటిక్ ఐపీ (మారని ఐపీ చిరునామా) ఉంది, రెండు మెషీన్లున్నాయి, లాగ్ చదవడం ఇష్టంగా చేసే మనిషిని నేనున్నాను. ఈ మూడూ ఉంటే, లోపలికి వచ్చే మెయిల్ విషయంలో పోస్ట్‌ఫిక్స్ కంటే నేను నమ్మేది ఇంకోటి లేదు. పది మంది ఉన్న ఆఫీసు, కంప్యూటర్లు చూసే మనిషి వారానికోసారి వచ్చి పోతాడు అంటే మాత్రం నెలకింత కట్టి బయట పెట్టుకోవడమే నయమని చెబుతాను. గుంటూరులో మా బంధువుల షాపుకి అదే చేయించాను. మా సైట్ ఇంజినీర్లు కూడా ఈమధ్య అన్నీ వాట్సాప్‌లోనే పంపుకుంటున్నారు, మెయిల్ వాడకం టెండర్లకీ బిల్లులకీ పరిమితమవుతోంది. ఇంకొన్నేళ్లకి రెండు మెషీన్ల ఖర్చుని ఎండీ గారి ముందు సమర్థించగలనో లేదో చెప్పలేను. ప్రస్తుతానికి మాత్రం వచ్చే సంక్రాంతి లోపు ముందు మెషీన్‌లో క్యూ ఉండే స్పూల్ డిస్కుకి మిర్రర్ (అదే డేటా రాసుకునే రెండో డిస్కు) పెట్టించే ఫైలు ఆయన టేబుల్ మీదే ఉంది.