త్రిశూలం క్వారీలు, తిరువక్కరై రాతిచెట్లు: చెన్నై చుట్టుపక్కల రాళ్ల యాత్ర

చెన్నైలో రాళ్లు చూడాలంటే ఎవరైనా మహాబలిపురమే పొమ్మంటారు. శిల్పాలకు అది సరే. ఉత్త రాయిని చూడాలంటే మాత్రం ఎయిర్‌పోర్టు ఎదురుగా పాడుబడ్డ క్వారీలే మేలని నేనంటాను.

తాంబరం లోకల్‌లో త్రిశూలం స్టేషన్‌లో దిగితే ఒక పక్క విమానాలు, ఇంకో పక్క కొండలు. చోళుల నాటి త్రిశూలనాథర్ గుడి చుట్టుపక్కల కంకర కోసం తవ్వి వదిలేసిన గుంతలున్నాయి. కాస్త దూరంగా నిలబడి చూసినా కోత స్పష్టంగానే కనబడుతుంది. డ్రిల్లింగ్ గాట్లు వెదురును నిలువునా చీల్చినట్టు వరసగా దిగి ఉన్నాయి. ఎండకీ వానకీ నానిన పైపొర గోధుమ రంగుకు తిరిగింది. దాని కింద అసలు రాయి, ముదురు ఆకుపచ్చ కలిసిన బూడిద రంగులో, ఒకలాంటి జిడ్డు మెరుపుతో. కొండెక్కి నడిచేవాడికి ఈ రంగు దొరకదు, క్వారీ కోస్తేనే బయటపడుతుంది.

నెల్లూరు నుంచి వచ్చిన మా బావమరిది మాత్రం "ఏంది బావా, గుంత చూపించడానికా ఇంత ఎండలో తెచ్చావు?" అన్నాడు. ఇది చార్నోకైట్ అనీ, భూమి లోతుల్లో విపరీతమైన వేడికీ ఒత్తిడికీ పుట్టిందనీ, వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లనీ చెప్పాక ఫోన్ తీసి ఫొటోలు మొదలుపెట్టాడు. భూగర్భ శాస్త్రవేత్త థామస్ హాలండ్ 1893లో ఈ రాతికి ఆ పేరు పెట్టాడు. కోల్‌కతాలోని ఈస్టిండియా కంపెనీ అధికారి జాబ్ చార్నాక్ సమాధి మీది పలక ఈ రకం రాయే మరి, పేరు అక్కడి నుంచే.

ఇంత ఉన్నా అక్కడ మాకు ఒక్క బోర్డు కనబడలేదు. నీళ్లు, టోపీ మీరే తెచ్చుకోవాలి. వానలకు నిండిన గుంతల్లో అంచు నుంచే లోతు, పిల్లలుంటే చెయ్యి వదలొద్దు.

జియలాజికల్ సర్వే వాళ్లు జాతీయ స్మారకంగా గుర్తించింది సెయింట్ థామస్ మౌంట్ చార్నోకైట్‌ను. మెట్లు, చర్చి, పైనుంచి రన్‌వే దాకా కనబడే వ్యూ అన్నీ బాగున్నాయి. రాయి మాత్రం వాటి కింద ఎక్కడో పోయింది. కుటుంబంతో వెళ్లేవాళ్లకు హాయిగా ఉంటుంది.

పల్లావరంలో అయితే 1863 మే 30న భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్‌కు పాతరాతియుగపు పనిముట్టు దొరికింది. అదీ ఒక కంకర గుంతలోనే! మేం తిరిగినంత మేర దాని ఊసెత్తే ఆనవాలే లేదు. మాంగాడు దగ్గరి సిక్కరాయపురం క్వారీలకు పనిగట్టుకుని వెళ్లక్కర్లేదు. 2017, 2019 కరువుల్లో ఆ క్వారీల్లో నిలిచిన నీటిని శుద్ధి చేసి నగరానికి ఇచ్చారు, అంతవరకు గొప్పే.

ఇసుకరాయి చూడాలనుకుంటే తిండివనం మీదుగా తిరువక్కరై వెళ్లండి. పుదుచ్చేరికి దగ్గర. కడలూరు ఇసుకరాయి పొరల్లో సుమారు 2 కోట్ల ఏళ్ల నాటి చెట్ల మొద్దులు రాళ్లయి పడున్నాయి. వేర్లూ కొమ్మలూ లేవు, అందుకే వరదకు ఎక్కడి నుంచో కొట్టుకొచ్చి ఇక్కడ పూడిపోయాయంటారు. ఒక మొద్దు పక్కన కూర్చుని చూస్తే చెక్క చారలు ఇంకా తెలుస్తున్నాయి. వేలితో తాకితే చల్లగా, గట్టిగా, అచ్చం రాయే. జియలాజికల్ సర్వే కంచె వేసి కాపాడుతోంది, త్రిశూలానికి ఈ మాత్రం చేసినా చాలు అనిపించింది. దారి పొడవునా కంకర లారీల దుమ్ము మాత్రం తప్పదు.

బసకు తిండివనంలో లాడ్జి చవక అని దిగాం. రాత్రి తొమ్మిదికే నీళ్లు ఆగిపోయాయి, అడిగితే మోటారు పాడైందన్నారు. పుదుచ్చేరిలో గదులకు డబ్బులు ఎక్కువ పెట్టాలి, శని ఆదివారాల్లో మరీను. అయినా ఈసారి నేనైతే అక్కడే దిగుతాను. తిరువక్కరైకి పౌర్ణమి నాడు పోకండి. వక్రకాళి అమ్మవారి గుడికి వచ్చే జనంతో కారు ఆపుకోవడానికే గంట పడుతుంది.