గోపాలపట్నం ఇంటి షెడ్డు కత్తి: 2,800 రూపాయలకు వచ్చేదేమిటి, రానిదేమిటి

విశాఖ గోపాలపట్నంలో ఒక ఇంటి షెడ్డులో చేసి అమ్ముతున్న వంటింటి కత్తి ఇది. ముందు కొలతలు. బ్లేడు పొడవు 180 మిల్లీమీటర్లు, మడమ దగ్గర, అంటే పిడి వైపు చివర, వెడల్పు 46. కత్తి వీపు మందం పిడి దగ్గర 2.4, మొనకి అంగుళం ఇవతల 1.1. బరువు 172 గ్రాములు. ఉక్కు ఈఎన్31, అంటే బాల్ బేరింగులకు వాడేది. పిడి చింతకర్ర, రెండు ఇత్తడి పిన్నులు. సగం డబ్బు అడ్వాన్సు, కత్తి చేతికొచ్చేసరికి నెల.

పూర్ణా మార్కెట్లో రెండొందలకి కత్తి దొరుకుతుంటే ఇంత పెట్టడం దేనికి? పదును కోసమైతే అక్కర్లేదు. ఆ రెండొందల కత్తినీ సానరాయి మీద వెంట్రుక తెగేలా చెయ్యొచ్చు. తేడా అంచుకి కాస్త పైన మందంలో ఉంటుంది. ఈ కత్తికి అక్కడ 0.3 మిల్లీమీటర్లు. లావు క్యారెట్ కోసి చూస్తే చాలు: మందం కత్తి సగం దిగాక ముక్క టప్పున విరుగుతుంది, ఇది చివరిదాకా కోసుకుంటూ పోతుంది. కందదుంప మీద ఇంకా బాగా తెలుస్తుంది, మణికట్టు మీద భారమే పడదు. ఇంత పల్చటి అంచు మెత్తటి ఉక్కుతో చేస్తే వారంలో మడత పడుతుంది. కాబట్టి అసలు విషయం ఉక్కు గట్టిదనం.

స్టీల్ ప్లాంట్ ఉన్న ఊరు కదా, ఉక్కు అక్కడిదేనా అని చాలామంది అడుగుతారట. కాదు. స్లాబుల్లో వేసే టీఎంటీ కడ్డీలో కార్బన్ 0.3 శాతం దాటదు, దాన్ని ఎంత కాల్చి నూనెలో ముంచి చల్లార్చినా కత్తికి సరిపడా గట్టిపడదు. లారీ కమాన్ పట్టీలో 0.6 దాకా ఉంటుంది. కొడవలికీ కత్తిపీటకీ అది భేషుగ్గా పనికొస్తుంది, కానీ పాత పట్టీలో కంటికి కనపడని బీటలుంటే ముంచినప్పుడే బయటపడతాయి. ఈఎన్31లో కార్బన్ 1 శాతం, క్రోమియం 1 నుంచి 1.5 శాతం.

ఆ క్రోమియం వల్లే దీన్ని కొలిమి బొగ్గుల్లో కంటి అంచనాతో కాల్చడం కష్టం. అయస్కాంతం అంటుకోవడం మానే వేడి 770 డిగ్రీల చుట్టుపక్కల, చాలామంది అక్కడే తీసి నూనెలో ముంచేస్తారు. ఈఎన్31కి అది చాలదు. 820, 840 మధ్య కొన్ని నిమిషాలు నిలకడగా ఉంచితేనే కార్బైడ్లు, అంటే కార్బన్ క్రోమియంతో ఇనుముతో కలిసి కట్టిన గట్టి రేణువులు, కరిగి కార్బన్ ఉక్కులో కలుస్తుంది. ఈ షెడ్డులో చిన్న కరెంటు ఫర్నేసు, దానికి ఉష్ణోగ్రత కంట్రోలర్ ఉన్నాయి. ఇలాంటి చోట కొనేముందు మొదట చూడాల్సింది అదే. ముంచేది నీళ్ళలో కాదు, నీళ్ళలో ముంచితే ఈ ఉక్కు పగులుతుంది. నూనెని ముందే 50, 60 డిగ్రీలకి వెచ్చబెడతారు, చల్లటి నూనె చిక్కగా ఉండి వేడిని నెమ్మదిగా లాగుతుంది. ముంచేముందు అంచుని దాదాపు 1 మిల్లీమీటరు మందంగా వదిలెయ్యాలి, అప్పుడే పల్చగా రుద్దేస్తే అప్పడంలా వంకర్లు తిరుగుతుంది. పిన్నుల బెజ్జాలు కూడా ముందే వేసుకోవాలి, తర్వాత డ్రిల్లు బిట్టు దిగదు.

నూనెలోంచి తీశాక ఆకురాయి గీస్తే గాజు మీద జారినట్టు జారాలి. ఆ దశలో కత్తి కింద పడితే విరుగుతుంది. అందుకే ఆలస్యం చెయ్యకుండా 200 డిగ్రీల దగ్గర రెండు గంటల చొప్పున రెండుసార్లు ఓవెన్లో పెడతారు. చివరికి గట్టిదనం కొలిచే రాక్‌వెల్ స్కేలు మీద 60 చుట్టుపక్కల నిలుస్తుంది. ఇంట్లో దాన్ని కొలవలేం గానీ, ఇత్తడి కడ్డీ మీద అంచుని ఏటవాలుగా ఆనించి మెల్లగా నొక్కితే సంగతి తెలుస్తుంది. వంగి వెనక్కి వస్తే మంచిది. వంగి అలాగే ఉండిపోతే మెత్తన, చిట్లితే మరీ పెళుసు. ఈ కత్తి మడమ నుంచి మూడొంతుల పొడవు దాకా ఈ పరీక్షలో శుభ్రంగా నెగ్గింది.

మొన దగ్గర మాత్రం నెగ్గలేదు. చివరి అంగుళంలో అంచు వంగి అలాగే ఉండిపోతోంది. కారణం బెల్ట్ గ్రైండర్. గట్టిపడ్డ బ్లేడుని చివరి మందానికి రుద్దేటప్పుడు ప్రతి పట్టుకీ నీళ్ళలో ముంచాలి. మొన పల్చన, వేడి అక్కడ క్షణంలో ఎక్కుతుంది. 300 డిగ్రీలకి ఉక్కు నీలిరంగు తిరుగుతుంది, అప్పటికే ఆ చోట గట్టిదనం పోయినట్టు. తర్వాత పాలిష్ పడితే నీలం పోతుంది, దెబ్బ ఉండిపోతుంది. కాలింది పైపైనే అయితే నాలుగైదు సాన్లకి ఆ ఉక్కు అరిగి లోపలి గట్టిది బయటికొస్తుంది. అయినా 2,800 తీసుకున్నవాడు ఆ పని కొన్నవాళ్ళ మీద పెట్టకూడదు.

వంటింట్లో సంగతి. ఇది స్టెయిన్‌లెస్ కాదు. తుప్పు ఆగాలంటే క్రోమియం పదిన్నర శాతమైనా ఉండాలి. మన సముద్రపు గాలికి తడి కత్తి గట్టు మీద వదిలేస్తే గంటలోనే ఎర్రచుక్కలు. కడగడం, వెంటనే తుడవడం, రెండు రోజులు వాడకపోతే చుక్క కొబ్బరినూనె రాయడం. వేరుశెనగ నూనె వద్దు, జిగురు కడుతుంది. మొదటి వారాల్లో అరటికాయ, అరటిపువ్వు, వంకాయ కోస్తే ముక్కలు నల్లబడతాయి, ఉల్లిపాయకి ఇనుప వాసన తగులుతుంది. బ్లేడు మీద నీలి బూడిదరంగు పొర పట్టాక అది తగ్గుతుంది. ఆ పొరని పీచుతో తోమి వదిలించకండి, తోమాల్సింది ఎర్రటి తుప్పునే.

వంజరం కండ వరకూ బాగా తెగుతుంది. నడుమ ముల్లు, తలకాయ దీనితో కొట్టొద్దు, వాటికి హార్బర్ దగ్గర చేప కోసేవాళ్ళ బరువు కత్తే కావాలి. ఆవకాయకి టెంక కొట్టడం, పనసపొట్టు కొట్టడం అసలే వద్దు, అంచు పెచ్చులూడుతుంది. గ్రానైట్ గట్టు మీద, స్టీలు పళ్ళెంలో కోసినా అదే గతి. చెక్క పలక తప్పనిసరి.

పిడి పర్వాలేదు. చింతకర్ర గట్టిది, ఎపాక్సీ అతుకులో సందు లేదు. కానీ వీపు మూలలు చురుగ్గా వదిలేశారు, పది నిమిషాలు కోస్తే చూపుడువేలు మొదట్లో ఒరుసుకుంటుంది. ఇంకో నాలుగొందలకి ఏటికొప్పాక తరహా లక్కపూత పిడి కూడా ఇస్తున్నారు. ముద్దుగా ఉంది గానీ, అంకుడు కర్ర మెత్తన, లక్క వేడినీళ్ళకి మెత్తబడుతుంది. బొమ్మకి సరే, రోజూ కడిగే కత్తికి కాదు.

పదునుకి 1000 గ్రిట్ నీటిరాయి చాలు, ఓపికుంటే తర్వాత 3000 (గ్రిట్ అంకె పెరిగేకొద్దీ రాయి నునుపు). కోణం ఒక్కో పక్కకి 15 డిగ్రీలు. ఈ వెడల్పుకి వీపుని రాయి నుంచి 12 మిల్లీమీటర్లు ఎత్తి పట్టుకుంటే సరిగ్గా అంతే వస్తుంది. వీధిలో పొడిచక్రం మీద సాన పట్టేవాళ్ళకి ఇవ్వకండి, మొన దగ్గర జరిగిన తప్పే కత్తంతా జరుగుతుంది.

కత్తిపీటకి అలవాటుపడ్డ ఇంట్లో 7 అంగుళాలు పొడవనిపిస్తుంది, 6 అంగుళాలది 2,400కే ఉంది, అదే తీసుకోండి. ఆర్డరిచ్చేటప్పుడు వీపు మూలలు గుండ్రం చెయ్యమని చెప్పండి, అదే ధరకి చేస్తారు. మిగతా సగం డబ్బు ఇచ్చేముందు ఇత్తడి కడ్డీ పరీక్ష మొన దగ్గర మీ ఎదురుగా చేయించుకోండి. అంచు వంగి ఉండిపోతే, 220 గ్రిట్ బెల్టు మీద తడితో మళ్ళీ రుద్ది ఇమ్మనండి.